వేడి ఉంటే చాలదు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం పగిడేరులో దశాబ్దాల కిందట బొగ్గు కోసం బోరు వేశారు. బొగ్గు సంగతి అలా ఉంచితే నీళ్లు పడ్డాయి, అవీ కాగిన నీళ్లు. మోటారు బిగించే పని లేకుండా వాటంతటవే ఉబికి వచ్చాయి. ఆ వేడితో 20 కిలోవాట్ల కరెంటు తీసే చిన్న ప్రయోగ కేంద్రాన్ని సింగరేణి సంస్థ అక్కడ నెలకొల్పింది. ఇరవై కిలోవాట్లంటే అయిదు హార్స్‌పవర్ వ్యవసాయ మోటార్లు నాలుగైదు నడిచేంత. అంకె చిన్నదే. కానీ భూగర్భ ఉష్ణంతో విద్యుత్ అన్న మాట వస్తే ఐస్‌లాండ్ ఫొటోలు చూపించే అలవాటున్న దేశంలో, ఆ పని గోదావరి పక్కన జరగడం పట్టించుకోవలసిన విషయం.

ఈ కబురు విన్నవాళ్లు రెండు పక్షాలవుతారు. కాళ్ల కింద ఆరని పొయ్యి ఉంటే ఇంకా బొగ్గెందుకని ఒక పక్షం. ఇరవై కిలోవాట్లేనా, ఏ కల్యాణమండపం మీద సోలార్ పలకలు పరిచినా అంత వస్తుంది కదా అని రెండో పక్షం. ఇద్దరూ వేడి గురించే మాట్లాడుతున్నారు. ఈ రంగంలో నూట ఇరవై ఏళ్ల అనుభవం చెప్పేది వేరు. భూమిలో వేడికి కరువు లేదు. దాన్ని కరెంటుగా మార్చడానికి కావలసిన మిగతా మూడింటికే కరువు: చల్లబరిచే చోటు, మొదటి బావికి డబ్బు, ఆ నేల మీద బతికేవాళ్ల సమ్మతి. మూడూ కుదిరిన చోట దీపాలు వెలిగాయి. కుదరని చోట ఫైళ్లు మిగిలాయి.

లోతుకు పోయేకొద్దీ ఉక్క పెరుగుతుందని బొగ్గు బాయిలోకి దిగే కార్మికుడికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మామూలు నేలలో కిలోమీటరు దిగితే సుమారు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. రష్యాలోని కోలా ద్వీపకల్పంలో 12,262 మీటర్ల దాకా బోరు వేసినవాళ్లకు అడుగున 180 డిగ్రీలు తగిలింది. ఈ వేడిలో కొంత భూమి పుట్టినప్పటిది, మిగతాది రాళ్లలోని యురేనియం, థోరియం, పొటాషియం మెల్లగా క్షీణిస్తూ పుట్టించేది. అగ్నిపర్వతాలున్న చోట, భూఫలకాలు ఎడమయ్యే చోట అది చేతికందేంత పైకి వస్తుంది. గోదావరి లోయలో అగ్నిపర్వతాలు లేవు. అయితే కోట్ల ఏళ్ల కిందట నేల చీలి, నడిమి భాగం కుంగి ఏర్పడిన లోయ అది. ఆ కుంగిన చోటే అడవులు పూడిపోయి బొగ్గయ్యాయి. ఆ పగుళ్ల వెంటే నీరు లోతుకు ఇంకి, కాగి, దారి దొరికిన చోట పైకి తన్నుకొస్తుంది. పగిడేరులో బొగ్గు వేట వేడినీళ్ల దగ్గర తేలడం వెనుక ఉన్న కథ ఇదే.

కరెంటు కథ మాత్రం ఇటలీలో మొదలైంది. టస్కనీలోని లార్దెరెల్లో అనే చోట నేలలోంచి ఆవిరి బుసలు కొడుతూ ఉంటుంది. 19వ శతాబ్దంలో అక్కడి నీటి నుంచి బోరిక్ ఆమ్లం తీసేవారు. క్యారమ్ బోర్డు మీద చల్లే తెల్లపొడి అదే. ఆ పరిశ్రమను నడిపిన ప్రిన్స్ పీరో జినోరి కాంటీ 1904 జులై 4న భూమిలోంచి వచ్చే ఆవిరితో చిన్న ఇంజను తిప్పి అయిదు బల్బులు వెలిగించాడు. 1913కల్లా అక్కడ 250 కిలోవాట్ల కేంద్రం నడిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సేనలు కేంద్రాలను ధ్వంసం చేస్తే మళ్లీ కట్టుకున్నారు. ఆ లోయలో ఈనాటికీ కరెంటు తయారవుతోంది. పగిడేరు అంకెను చూసి నవ్వేవాళ్లు ఆ అయిదు బల్బులను గుర్తుంచుకుంటే మంచిది.

పద్ధతులు మూడు. లార్దెరెల్లోలో నేల నుంచి పొడి ఆవిరే వస్తుంది, దాన్ని నేరుగా టర్బైన్ మీదికి వదులుతారు. అలాంటి చోట్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఎక్కువ చోట్ల దొరికేది బాగా వేడెక్కిన నీరు. రెండో పద్ధతి దానికోసం పుట్టింది. వంటింట్లో ప్రెషర్ కుక్కర్ దీనికి సరైన నమూనా. మూత బిగించిన కుక్కర్లో నీరు 120 డిగ్రీల దగ్గర ఉన్నా నీరుగానే ఉంటుంది, పైనున్న ఒత్తిడి దాన్ని పట్టి ఉంచుతుంది. వెయిట్ ఒక్కసారిగా ఎత్తితే కొంత నీరు భుస్సున ఆవిరవుతుంది. కిలోమీటరు, రెండు కిలోమీటర్ల లోతులోని నీరూ అంతే. బావిలోంచి పైకి రాగానే ఒత్తిడి తగ్గి ఒక భాగం ఆవిరవుతుంది. ఆ ఆవిరిని వేరుచేసి టర్బైన్‌కు పంపుతారు, మిగిలిన నీటిని ఈ రోజుల్లో మరో బావిలోంచి తిరిగి భూమిలోకి దింపుతారు. న్యూజిలాండ్‌లోని వైరాకెయ్‌లో 1958లో ఈ పద్ధతితో పెద్ద కేంద్రం నడవడం మొదలైంది.

మూడోది పగిడేరుకు సంబంధించినది. నీరు నూరు డిగ్రీలకు చేరకపోయినా పనికొచ్చే పద్ధతి ఇది. ఇందులో భూగర్భ జలం టర్బైన్ ముఖం కూడా చూడదు. గొట్టాల గోడ అవతల ఉన్న మరో ద్రవానికి తన వేడిని అప్పగించి వెనక్కి పోతుంది. ఆ రెండో ద్రవం చాలా తక్కువ వేడికే మరిగే రకం. ఐసోపెంటేన్‌నే తీసుకుంటే అది 28 డిగ్రీలకే మరుగుతుంది. రోహిణి కార్తెలో గిన్నెలో పోసి వరండాలో పెడితే పొయ్యి వెలిగించకుండానే ఆవిరైపోతుంది. ఆ ఆవిరే టర్బైన్‌ను తిప్పి, చల్లబడి, మళ్లీ ద్రవంగా మారి గొట్టాల్లో తిరుగుతుంది. ఫ్రిజ్‌లో జరిగేది వెనక నుంచి ముందుకు నడిపితే ఇదే.

మొదటి కరువు ఇక్కడే ఎదురవుతుంది. టర్బైన్‌ను తిప్పేది వేడి మాత్రమే అనుకోవడం పొరపాటు. తిప్పేది వేడికీ చలికీ మధ్య ఉన్న తేడా. ఆవిరిని మళ్లీ ద్రవంగా మార్చడానికి చల్లని చోటు ఎంత చల్లగా ఉంటే అంత కరెంటు. అలాస్కాలోని చేనా వేడినీటి బుగ్గల దగ్గర 2006లో ఒక కేంద్రం మొదలైంది. అక్కడి నీరు 74 డిగ్రీలే. అంత తక్కువ వేడితో కరెంటు తీయగలగడానికి కారణం పక్కనే పారే 4 డిగ్రీల చల్లని నీరు. డెబ్బై డిగ్రీల తేడా ఉంది కాబట్టి సిద్ధాంతం ప్రకారం ఆ వేడిలో గరిష్ఠంగా అయిదో వంతు కరెంటు కావచ్చు. యంత్రానికి దక్కేది అందులో సగం కూడా ఉండదు, ఎనిమిది శాతం దగ్గర ఆగుతుంది.

ఇదే లెక్క గోదావరి ఒడ్డున వేసి చూడాలి. 70 డిగ్రీల నీరు దొరికిందనుకుందాం. చల్లబరచడానికి వేసవిలో దొరికే నీరో గాలో 35 డిగ్రీలు. సిద్ధాంతం ఒప్పుకునే గరిష్ఠమే పదో వంతుకు పడిపోతుంది. చేతికి వచ్చేది నాలుగైదు శాతం, అందులోంచే పంపులూ ఫ్యాన్లూ నడవాలి. వేసవి మధ్యాహ్నం ఊళ్లో కరెంటుకు గిరాకీ పెరిగే వేళకే ఈ యంత్రం నీరసిస్తుంది. సింగరేణి ఇంజనీర్ల లోపం ఇందులో ఏమీ లేదు, ప్రకృతి లెక్క అది. మణుగూరును ఐస్‌లాండ్ చేస్తామనే నాయకుడి మాటను ఎంతవరకు నమ్మాలో ఈ లెక్క చెబుతుంది.

అలాగని ఆ నీటిని వాగులోకి వదిలేయాలని కాదు. కరెంటుగా మార్చితే వేడిలో తొంభై అయిదు పాళ్లు పోతుంది. వేడిని వేడిగానే వాడితే అందులో చాలాభాగం పనికొస్తుంది. ఖమ్మం మార్కెట్ చుట్టుపక్కల మిర్చి రైతు ఏటా కల్లంలో పడే అవస్థ తెలియనిదేమీ కాదు. ఎర్రగా ఆరబోసిన కాయల మీద ఒక్క అకాల వర్షం పడితే రంగు మారి, బూజు పట్టి, ధర సగానికి పడుతుంది. డెబ్బై డిగ్రీల నీరు గొట్టాల్లో పారిస్తే మిర్చి ఆరడానికి చాలినంత వేడిగాలి రాత్రీ పగలూ వస్తుంది. కెన్యాలో నైవాషా సరస్సు దగ్గర ఒసేరియన్ అనే పూలతోట గులాబీల గ్రీన్‌హౌస్‌లను భూగర్భ వేడితోనే నడిపింది. ఐస్‌లాండ్‌లో పదిళ్లకు తొమ్మిదిళ్లు వెచ్చబడేది ఈ వేడితోనే, ఆ దేశం మొదట గెలిచిన గెలుపు కరెంటు కాదు, ఇళ్ల వేడి. పగిడేరు పక్కన ఒక మిర్చి ఆరబెట్టే కేంద్రం వెలిస్తే 20 కిలోవాట్ల కన్నా రైతుకు ఎక్కువ అర్థమవుతుంది.

మరి దేశంలో కరెంటు తీయడానికి సిసలైన చోటు ఏది? లద్దాఖ్‌లోని పూగా లోయ. సముద్రమట్టానికి 4,400 మీటర్ల ఎత్తు. గాలి ఒత్తిడి తక్కువ కావడం వల్ల అక్కడ నీరు 84 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, కుక్కర్ లేనిదే పప్పు ఉడకదు. నేల మీద గంధకం పసుపు మరకలు, బోరాక్స్ తెల్లని పొరలు. లార్దెరెల్లోలో పరిశ్రమ పుట్టించిన బోరానే ఇక్కడా లవణంగా నేల మీద తేలి ఉంది. జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1970లలో అక్కడ 34 బోర్లు వేసింది. ఏదీ 400 మీటర్లకు మించలేదు. అంత పైపైనే నూరు డిగ్రీలు దాటిన వేడి తగిలింది. ఆ ఆవిరితో ఒక గుడిసెను వెచ్చబెట్టి చూశారు, బోరాక్స్ శుద్ధి చేసి చూశారు. ఇక చలి సంగతి చెప్పే పనే లేదు. వేడి ఉంది, చలీ ఉంది, డీజిల్ మోసుకెళ్లి జనరేటర్లు నడపవలసిన అవసరమూ ఆ చుట్టుపక్కల ఉంది. అయినా యాభై ఏళ్లు గడిచాయి.

ఆ మధ్యలో హిమాచల్‌లోని మణికరణ్‌లో 5 కిలోవాట్ల ప్రయోగ యంత్రం ఒకటి నడిచి ఆగిపోయింది. గురుద్వారాలో మూటకట్టిన బియ్యాన్ని వేడినీటి గుండంలో దించి లంగరుకు అన్నం వండే ఊరది. యంత్రం పోయింది, వంట నేటికీ సాగుతోంది. పూగాలో 2021 ఫిబ్రవరిలో ఓఎన్‌జీసీ అనుబంధ ఎనర్జీ సెంటర్, లద్దాఖ్ పాలనా యంత్రాంగం, లేహ్ హిల్ కౌన్సిల్ కలిసి తొలి దశగా ఒక మెగావాట్ కేంద్రానికి ఒప్పందం రాసుకున్నాయి. 2022లో తవ్వకం సాగుతుండగా భూగర్భ ద్రవం బయటికొచ్చి వాగులో కలిసింది, పని ఆగింది. దేశమంతటా 10,600 మెగావాట్ల అవకాశం ఉందని సర్కారు పత్రాలు దశాబ్దాలుగా చెబుతున్నాయి. గ్రిడ్‌కు చేరింది చెప్పుకోదగినంత లేదు.

రెండో కరువు డబ్బు. రాయలసీమ రైతుకు ఈ బాధ వివరించనక్కర్లేదు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని తిరిగే మనిషి చూపించిన చోట బోరు వేస్తే దుమ్ము లేస్తుంది, మరోచోట వేస్తే తడి కూడా కనబడదు, మూడోదానికి పుస్తెలు తాకట్టుకు పోతాయి. భూగర్భ ఉష్ణం బావికీ అదే జూదం, కాకపోతే లోతు కిలోమీటర్లు, ఖర్చు కోట్లు. లోపల వేడి ఉన్నా నీరు పారే పగుళ్లు లేకపోవచ్చు. పగుళ్లుండి వేడి చాలకపోవచ్చు. బావి వేస్తేగానీ తెలియదు. సోలార్ కేంద్రానికి ఎండ ఎంత ఉందో ముందే తెలుసు కాబట్టి బ్యాంకు అప్పిస్తుంది. కనబడని ఆవిరికి ఏ బ్యాంకూ అప్పివ్వదు.

కెన్యా ఈ ముడి ఎలా విప్పిందో చూడాలి. ఒల్కారియాలో 1956లో వేసిన తొలి బావులు పనికి రాలేదు. ఆ దేశం తల పట్టుకుని కూర్చోలేదు. మళ్లీ తవ్వింది, 1981లో 15 మెగావాట్ల మొదటి యూనిట్ నడిపింది. 2008లో భూగర్భ ఉష్ణం కోసమే ప్రత్యేక ప్రభుత్వ సంస్థను పెట్టింది. ఆ సంస్థ పని ముందుగా బావులు తవ్వి, ఆవిరి ఉందని తేల్చి, ఆ తర్వాత విద్యుత్ కంపెనీలను పిలవడం. బావి విఫలమైతే నష్టం సర్కారుది, సఫలమైతే ఆవిరి అమ్ముకోవచ్చు. ఈ రోజు కెన్యా వాడే కరెంటులో నలభై శాతానికి పైగా భూమి లోపలి వేడి నుంచి వస్తోంది. వానలు పడక జలాశయాలు ఎండిన ఏడాది కూడా ఆ యంత్రాలు ఆగవు. భారతదేశం కన్నా ధనిక దేశమేమీ కాదది. తొలి బావి నష్టం ఎవరు భరించాలన్న ప్రశ్నకు స్పష్టంగా జవాబు చెప్పుకుంది, అంతే.

కేంద్ర ప్రభుత్వం 2025లో తొలిసారి భూగర్భ ఉష్ణ విద్యుత్తుకు జాతీయ విధానం ప్రకటించింది. వట్టిపోయిన చమురు, గ్యాస్ బావులను ఇందుకు వాడుకోవాలన్న ఆలోచన అందులో ఉంది. ఇది ఆంధ్రప్రదేశ్‌కు నేరుగా తగిలే మాట. కృష్ణా గోదావరి బేసిన్‌లో కోనసీమ నుంచి సముద్రం దాకా దశాబ్దాలుగా బావులు తవ్వుతున్నారు, లోతైనవాటిలో 150 డిగ్రీలు దాటిన వేడీ తగిలింది. తవ్విన బావి ఉంది కాబట్టి అసలు ఖర్చు అయిపోయినట్టే. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ దేశమంతటా భూమి వేడిని కొలిచిన సంస్థ. గోదావరి లోయలో బోరు వేసిన ప్రతిచోటా వేడి ఎంతో రాసి ఉంచగల నిపుణులు సింగరేణిలో ఉన్నారు. బొగ్గు వెతికిన బోర్ల చిట్టాలు, గ్యాస్ వెతికిన బావుల చిట్టాలు, ఉష్ణోగ్రత కొలతలు ఒక్కచోట పేర్చితే కొత్తగా ఒక్క అడుగు తవ్వకుండానే సగం పటం తయారవుతుంది. అమెరికాలోని నెవాడాలో ఫెర్వో అనే కంపెనీ 2023లో చూపించింది కూడా ఇలాంటిదే. చమురు బావులవాళ్ల అడ్డ తవ్వకం నైపుణ్యాన్ని వేడిరాళ్లకు మళ్లించి 3.5 మెగావాట్లు తీసింది.

మూడో కరువు సమ్మతి. ఇది ఇంజనీర్లకు ఇష్టం లేని అధ్యాయం. భూగర్భ ఉష్ణం శుభ్రమైన కరెంటే, కానీ మచ్చలేనిది కాదు. వైరాకెయ్‌లో తోడిన నీటిని తిరిగి లోపలికి పంపకపోవడంతో ఒకచోట నేల 15 మీటర్ల దాకా కుంగింది, ఆర్సెనిక్ కలిసిన నీరు నదిలో పడింది. కాలిఫోర్నియాలోని గీజర్స్ క్షేత్రంలో 1980లలో పోటీపడి ఆవిరి తోడేసరికి ఒత్తిడి పడిపోయింది. ఇప్పుడు శాంటా రోసా ఊరి మురుగునీటిని శుద్ధి చేసి, అరవై కిలోమీటర్లకు పైగా గొట్టంలో తెచ్చి, ఆ కొండల కిందికి దింపి ఆవిరి పుట్టించుకుంటున్నారు. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో లోతైన రాళ్లలోకి ఒత్తిడితో నీరు పంపిన ప్రయోగమే 2017 నవంబరు భూకంపాన్ని రేపిందని ప్రభుత్వం వేసిన పరిశోధక బృందం తేల్చింది. చివరికి కెన్యాలో కూడా ఒల్కారియా విస్తరణ కోసం మాసాయి పశుపాలకుల కుటుంబాలను 2014లో వేరేచోటికి తరలించారు. వాళ్ల ఫిర్యాదు ప్రపంచ బ్యాంకు తనిఖీ సంఘం దాకా వెళ్లింది.

పగిడేరు ఉన్నది ఏజెన్సీలో. అక్కడ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970 నాటి ఒకటో నంబరు చట్టం ఉంది, గ్రామసభను అడగాలని 1996 నాటి పెసా చట్టం ఉంది. బొగ్గు కోసం, ప్రాజెక్టుల కోసం ఇళ్లు వదిలిన కోయ కుటుంబాలకు ‘అభివృద్ధి’ అనే మాట ఎంత బరువో తెలుసు. కోనసీమకూ జ్ఞాపకాలున్నాయి. 1995లో పాశర్లపూడి బావి బద్దలై రెండు నెలలకు పైగా మండింది, కొబ్బరితోటల మీద రాత్రులు పగళ్లయ్యాయి. వేడినీటి బావి గ్యాస్ బావిలా మండదు. అయినా రిగ్గు కనబడగానే గుండె గుబేలుమనే ఊళ్లకు నచ్చజెప్పవలసింది తవ్వేవాళ్లే. లోపలి నుంచి వచ్చే నీటిలో ఏముంది, అది ఎక్కడికి పోతుంది, వెనక్కి ఎంత దించుతున్నారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు తవ్వకం మొదలవక ముందే తెలుగులో, అవసరమైన చోట కోయభాషలో చెప్పాలి.

సోలార్ ఇంత చవకైన కాలంలో ఈ తంటా అంతా ఎందుకని అడిగేవాళ్లకు సమాధానం గడియారంలో ఉంది. సాయంత్రం ఆరున్నరకు సోలార్ పలక పడుకుంటుంది. ఇళ్లలో లైట్లు, టీవీలు, ఏసీలు లేచేది అప్పుడే. బ్యాటరీల ధర తగ్గుతున్న మాట నిజం, చాలాచోట్ల అవే గెలుస్తాయి. కానీ ఎండ లేని వేళ, గాలి ఆడని వేళ నడిచే యంత్రం కొద్దిగా ఉన్నా గ్రిడ్‌కు దన్ను. లద్దాఖ్ చలికాలంలో అది ప్రాణావసరం.

కాబట్టి కేంద్రం చేయవలసింది పూగాలో లోతైన బావుల ఖర్చునూ నష్టాన్నీ తానే మోసి, వాగును కాపాడే ఏర్పాటుతో ఆ పనిని పూర్తిచేయడం. ఆంధ్రప్రదేశ్ చేయవలసింది వట్టిపోయిన కేజీ బావుల్లో రెండు మూడింటిని ఎంచి వేడి, నీటి ధార కొలిపించడం. తెలంగాణ చేయవలసింది ఇంకా సులువు. పగిడేరు యంత్రం ఇప్పటిదాకా ఎన్ని గంటలు నడిచింది, ఏ నెలలో ఎన్ని యూనిట్లు ఇచ్చింది, మే నెలలో ఎంతకు పడిపోయింది అన్న లెక్క జనం ముందు పెట్టాలి. ప్రజల సొమ్ముతో చేసిన ప్రయోగానికి ఫలితం చెప్పడం కనీస మర్యాద. ప్రారంభోత్సవం ఫొటో పేపర్లో ఒక్కరోజు వస్తుంది. మీటరు రీడింగు నెలనెలా పగిడేరు పంచాయతీ ఆఫీసు బోర్డు మీద రాయించండి.